దాలయ్య గీకేసిన నంబరు

కళింగపట్నం ఒడ్డున ఏ పడవ దగ్గర నిలబడి చూసినా, దాని ముక్కు పక్కన తెల్లరంగుతో రాసిన నంబరు ఒకటి కనిపిస్తుంది. పడవ ఒంపు తిరిగిన చోట అక్షరాలు కూడా వంకరపోకుండా ఒంపు తిరిగి ఉంటే అవి దాలయ్య రాసినవి. వేరేవాళ్ళు రాసినవి దూరం నుంచి బాగానే ఉంటాయి. దగ్గరికి వెళ్తే అక్షరాల పాదాలు ఒక వరసలో ఉండవు.

దాలయ్యకు యాభై దాటాయి. వాళ్ళ నాన్న చెక్క పడవలు బాగుచేసేవాడు. చెక్క పోయి ఫైబరు వచ్చినప్పుడు ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. కాకినాడ వైపు నుంచి మేస్త్రీలు వచ్చి చేసేవాళ్ళు. దాలయ్య వాళ్ళకు నీళ్ళు మోస్తూ, జిగురులో మందు ఎంత పడుతుందో, ఎండలో ఎంత త్వరగా గట్టిపడుతుందో చూసి నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది ఆ మేస్త్రీలను పిలవాల్సిన పని పడలేదు. బడికి వెళ్ళింది రెండో తరగతి దాకా. ఇంగ్లీషులో పడవ నంబర్లలో వచ్చే అక్షరాలు మాత్రమే తెలుసు. అవి కూడా చదవడం కాదు, గీయడం.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట నిషేధం. దాలయ్యకు ఊపిరాడనిది అప్పుడే. పడవలు ఇసుక మీద బోర్లా పడి ఉంటాయి. అడుగున పట్టిన గుల్లలు గీకాలి, పాత రంగు తీసెయ్యాలి, పగుళ్ళకు అతుకు వెయ్యాలి, గరుకు కాగితంతో రుద్దాలి, కొత్త రంగు వెయ్యాలి. అన్నిటికన్నా ఆఖర్న నంబరు. పాత నంబరు మీదే కొత్తది రాస్తే అంచులు కలవవు, ఒక వానకే పొక్కులు లేస్తాయి. అందుకని పాతది మొత్తం గీకేసి, నున్నగా చేసి, రంగు బాగా ఆరాక రాయాలి. అసలు నంబరు పడవ కాగితాల్లో ఉంటుంది. పడవ మీద ఉన్నది ఏటా పోతుంది, ఏటా మళ్ళీ వస్తుంది. తనిఖీకి వచ్చే మత్స్యశాఖవాళ్ళు కూడా నంబరు మాసిపోయిందని కోప్పడతారు గానీ, గీకి కొత్తగా రాశారని ఎవరూ అనరు.

దాలయ్య చెల్లెలు చిన్నతల్లిని అదే ఊళ్ళో పోతురాజుకు ఇచ్చారు. పోతురాజు వేటకు వెళ్ళేవాడు. వల లాగుతుండగా భుజం జారి, మళ్ళీ పూర్తిగా కుదురుకోలేదు. సముద్రం మానేసి, నరసన్నపేటలో ఒకతని దగ్గర వాడిన లగేజీ ఆటో కొని, సి-బుక్కు, అంటే రిజిస్ట్రేషను కాగితం, తన పేరు మీదకు మార్పించుకున్నాడు. తెల్లారేసరికి ఒడ్డుకు వచ్చిన కవళ్ళు, కానాగంతలు, ఒక్కోసారి కోనాం చేపలు ట్రేలకెత్తి ఐసు కొట్టి గార మీదుగా శ్రీకాకుళం మార్కెట్టుకు చేరుస్తాడు. చిన్నతల్లి ముందు బస్సులో వెళ్ళి అక్కడ అమ్ముతుంది.

పోతురాజు కాగితాల దగ్గర జాగ్రత్త మనిషి. ఇన్సూరెన్సు, పొల్యూషను, టాక్సు, బండి కండిషను బాగుందని ఇచ్చే ఎఫ్.సి., అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు కింద దాస్తాడు. దానికి కారణం ఉంది. పక్క ఊళ్ళో ఒకతని ఆటో ఎఫ్.సి. గడువు తీరిపోయాక తిరుగుతూ ఒక ముసలాయనను గుద్దింది. ఇన్సూరెన్సు ఉన్నా, ఎఫ్.సి. లేదని కంపెనీ పక్కకు తప్పుకుంది. పరిహారం కట్టలేక ఆటో అతను ఇల్లు అమ్ముకున్నాడు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా పోతురాజు సీటు కింద చెయ్యి పెట్టి కవరు ఉందో లేదో చూసుకునేవాడు.

ఆ ఏడు నిషేధం ముగిసేలోపే ఎఫ్.సి. చేయించుకోవాలి. బండి పైకి బాగానే ఉంది. కిందే తేడా. ఐసు కరిగిన నీళ్ళూ చేపల ఉప్పునీళ్ళూ తొట్టిలోంచి రోజూ కారి, కింది ఇనుప చట్రమంతా తుప్పు పట్టింది. వేలితో గోకితే పొరలు పొరలుగా రాలుతోంది.

పోతురాజు బావమరిది దగ్గరికి వచ్చాడు. బ్రేక్ ఇనస్పెక్టరు సుత్తితో కొట్టి చూస్తే ఎఫ్.సి. ఇవ్వకుండా ఆపేస్తారని, ఒకసారి చెయ్యి వెయ్యమని అడిగాడు. దాలయ్య బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాడు.

"మీద రంగేస్తే లోపల తినేస్తాది బావ. తీస్తే అంతా తియ్యాల. నేదంటే ముట్టుకోను," అన్నాడు.

అంతా తియ్యమనే పోతురాజు అన్నాడు.

ఒడ్డున ఉన్న మనుషులను నలుగురిని పిలిచి తొట్టి ఎత్తి పక్కన పెట్టించారు. ఐసు ఫ్యాక్టరీలో వెల్డింగు చేసే అతని దగ్గర గ్రైండరు తెచ్చుకున్నాడు దాలయ్య. ముందు గరుకు బిళ్ళ, తర్వాత నున్నటి బిళ్ళ, ఆఖర్న గరుకు కాగితం. ఇనుము చేప పొట్టలా మెరిసేదాకా వదల్లేదు. కుడి పక్కన, సీటు వెనకాల, తుప్పు రాలగొడుతుంటే కింద ఏవో అక్షరాలు కనిపించాయి. ముందరి సగం గుంటలు పడి గుర్తుపట్టేలా లేదు. వెనక సగం మసకగా ఉంది. దాలయ్య గ్రైండరు ఆపి, అవతల టైరు విప్పుతున్న పోతురాజును పిలిచి, ఇక్కడ నంబరు ఉంది ఏం చెయ్యాలని అడిగాడు.

"సి-బుక్కులో ఉన్నాది కదా. మళ్ళీ రాసెయ్ బావ," అన్నాడు పోతురాజు, తల తిప్పకుండానే.

దాలయ్యకూ అదే న్యాయంగా తోచింది. గ్రైండరు మళ్ళీ ఆన్ చేశాడు. ఆ పొద్దు భోజనానికి పిలుపు రావడంతో వెనక సగం మీద అంత సేపు నిలవలేదు. వచ్చాక గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టాడు. రెడ్ ఆక్సైడు రెండు పూతలు, దాని మీద నల్లరంగు. ఆరాక సి-బుక్కు జిరాక్సు పక్కన పెట్టుకుని, ఆ పొడవాటి నంబరును సన్న కుంచెతో తెల్లగా రాశాడు. అందులో తనకు తెలియని అక్షరాలు కొన్ని ఉన్నాయి. వాటినీ చూసి గీశాడు. తప్పు పోలేదు.

చూసినవాళ్ళందరూ బండి షోరూము నుంచి వచ్చినట్టు ఉందన్నారు. చిన్నతల్లి ముందు చక్రానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. వెనక తొట్టి మీద కూడా ఏదైనా రాయమని ఎవరో అడిగితే, ఎఫ్.సి. అయ్యాక రాస్తానన్నాడు దాలయ్య.

ఎఫ్.సి. చేసింది అరుణశ్రీ అనే బ్రేక్ ఇనస్పెక్టరు. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు గానీ ఒక్క బల్బు కూడా వదలని మనిషి. లైట్లు వేయించింది, హారన్ కొట్టించింది, బ్రేకు తొక్కించింది, ముందూ వెనకా నంబరు ప్లేట్ల మేకులు కదిలించి చూసింది. వంగి చట్రం కొట్టి చూసి, ఇంత శుభ్రంగా ఉంచుకున్న చేపల బండిని తాను చూడలేదని చెప్పింది. పోతురాజుకు బావమరిది చెయ్యి గుర్తొచ్చి గర్వంగా అనిపించింది.

తర్వాత సహాయకుడు చట్రం మీది ఛాసిస్ నంబరు అచ్చు తియ్యడానికి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. ఇనుములో గుచ్చిన నంబరైతే కాగితం మీద అక్షరాలు తేలతాయి. ఇక్కడ బూడిదరంగు పట్టీ ఒకటి వచ్చింది, అంతే. రంగు అడ్డం వచ్చిందేమోనని అతను గుడ్డ మీద థిన్నరు పోసి తుడిచాడు. దాలయ్య రాసిన నంబరంతా ఆ గుడ్డకు అంటుకుపోయింది. కింద నున్నటి ఇనుము.

ఆ నంబరు రంగుతో రాసేది కాదని అప్పుడు తెలిసింది పోతురాజుకు.

అరుణశ్రీ గొంతు పెంచలేదు. ఇది ఎవరు చేశారని అడిగింది. దొంగిలించిన బండ్లను అమ్మేవాళ్ళు చేసేది ఇదేనని, ముందు నంబరు గీకేసి తర్వాత వేరే నంబరు వేస్తారని చెప్పింది. పైగా ఇది చేతులు మారిన బండి. పోతురాజు తుప్పు తినేసిందని మాత్రం అన్నాడు. అయితే ఆ మాటే రాసి ఇమ్మంది ఆమె. తాళం తీసుకుని, పట్టుబడ్డ బండ్లు ఉండే గోడ వారన ఆటోను పెట్టించి, పోలీసు స్టేషనుకు కాగితం పంపింది.

పోతురాజు బస్సులో తిరిగి వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా ఒడ్డుకు నడిచాడు. దాలయ్య ఒక పడవ అడుగున రంగు వేస్తున్నాడు. చుట్టూ పది మంది ఉన్నారు. జరిగింది చెప్పి, ఆఖర్న అన్నాడు:

"నువ్వు పడవలకి రంగులేసుకో బావ. మనుషుల బతుకుల జోలికి రాకు."

దాలయ్య కుంచె డబ్బాలో పెట్టాడు. రాసెయ్యమన్నది నువ్వే కదా అని అనలేదు. మూడు రోజులు ఊరంతా అదే మాట. చేపలు ఎండబెట్టే లక్ష్మణమ్మ అయితే, అతను కనిపించినప్పుడల్లా ఆగి అడిగేది.

"ఒరే దాలయ్యా, నా ఆధారు కార్డులో నంబరు సిన్నదిగా ఉన్నాది. ఓపాలి గీకి పెద్దక్షరాలతో రాసిస్తావేటి?"

దాలయ్యకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తాను చేసిన పనిలో తప్పు ఎక్కడుందో అతనికి నిజంగా అర్థం కాలేదు. నంబరు సరిగ్గా రాశాడు. అక్షరం పోలేదు. ఒక సాయంత్రం ఎదురింటివాళ్ళ మోటారు సైకిలు హ్యాండిలు కింద వేలు పెట్టి తడిమాడు. అక్షరాలు గుంటలుగా చేతికి తగిలాయి. గోరు అందులో ఇరుక్కుంది. అలాగే తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. పడవ నంబరు రంగులో ఉంటుంది. ఇది ఇనుములో ఉంది. రంగు మళ్ళీ వెయ్యొచ్చు. తీసేసిన ఇనుమును మళ్ళీ తేలేడు.

నిషేధం ముగిసింది. పడవలు నీళ్ళలోకి దిగాయి. మొదటి రోజుల్లోనే కవళ్ళు బాగా పడ్డాయి. పోతురాజు మోయాల్సిన ట్రేలు గార నుంచి వచ్చిన వేరే ఆటోలో ఎక్కాయి. చిన్నతల్లి బుట్టలతో బస్సెక్కితే, నీళ్ళు కారుతున్నాయని కండక్టరు సగం దారిలో దింపేశాడు. పోతురాజు పొద్దున్నే లేచి, అలవాటుగా ఒడ్డుకు వెళ్ళి, చెయ్యడానికి ఏమీ లేక వెనక్కి వచ్చేవాడు. బావమరిది ఎదురైతే ఇసుకలో పక్కకు తప్పుకుని పోయేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం చిన్నతల్లి అన్న ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూర్చుంది. వదిన అనూరాధ మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

"అన్నియ్యా, నేను సెప్పినట్టు ఆయనకి తెలియనివ్వకు," అంది. "ఆపీసులో ఇచ్చిన కాయితంలో నీ పేరు నేదు. ఉప్పునీళ్ళకి తినేసింది, ఎవులూ గీకనేదని రాసినాడు."

"నాతోటి మాటాడ్డు కదే."

"మాటాడ్డు. నీ పేరు మాత్రం రాయడు. రాస్తే నీ మీద కేసు కడతారంట. తిండి మానేసి కూకున్నాడు గానీ రాయనంటే రాయనన్నాడు."

ఆ కాగితం ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు నూకయ్య రాయించాడు. ఉప్పు తిన్నదంటే ఎవరైనా నమ్ముతారని అతనే ధైర్యం చెప్పాడు. ఇప్పుడు అతనే వేరే మాట అంటున్నాడు. విశాఖ నుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారట. ఇనుము మీద మిషను గీతలు కనిపిస్తే, రాసింది అబద్ధమని తేలుతుంది. అబద్ధం రాసినవాడు దొంగబండి కొన్నవాడే అవుతాడు. బండి పోవడమే కాదు, పోతురాజును లోపల వేస్తారు.

"గీతలుంటాయా అన్నియ్యా?" అని అడిగింది చిన్నతల్లి.

గరుకు బిళ్ళ పోనిచ్చిన ఇనుము మీద గీతలు ఎలా ఉంటాయో దాలయ్యకు తెలుసు. విల్లులాగా వంగి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పైన ఎంత కాగితం రుద్దినా, చూడగలిగినవాడికి కనిపిస్తాయి. తుప్పు అలా తినదు.

చెల్లెలు వెళ్ళిపోయాక అనూరాధ భర్తను గట్టిగానే పట్టుకుంది. పోతురాజు ఇష్టపడే రాశాడని, మనం నోరు మెదిపితే ఆ రాసింది కూడా పాడవుతుందని అంది. కేసు మీద పడితే పడవలవాళ్ళు పనికి పిలవడం మానేస్తారని, తర్వాత వండడానికి ఏముంటుందని అడిగింది. దాలయ్య అన్నీ విన్నాడు. మర్నాడు పొద్దున్న ఉతికిన చొక్కా వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కాడు.

అరుణశ్రీ ఎవరో లారీ చూడడానికి వెళ్ళింది. దాలయ్య గోడ వారకు వెళ్ళి ఆటో పక్కన నిలబడ్డాడు. తాను వేసిన నల్లరంగు ఇన్ని రోజుల ఎండకూ పొక్కలేదు. నంబరు ఉన్న చోట మాత్రం తుడిచిన మరక, దాని మీద అప్పుడే కొత్త తుప్పు పల్చగా మొలుస్తోంది. ఆమె రాగానే ఎదురు వెళ్ళాడు.

"అమ్మా, ఆ బండి నంబరు తుప్పు తిననేదు. నేను తీసినాను."

ఆమె ఆగింది. "మీరెవరు?"

"దాలయ్యంటారు. పోతురాజు మా బావ. పడవలకి రంగులేస్తాను."

"ఎందుకు తీశారు?"

"తుప్పుంటే తీసినానమ్మా. పడవకైతే పాత నంబరు తీసి మళ్ళీ రాస్తాం. ఇదీ అంతే అనుకున్నాను."

అరుణశ్రీ అతన్ని లోపలికి పిలిచింది. పడవలకు నంబరు ఎక్కడ రాస్తారు, ఎవరు రాయమంటారు, ఏడాదికి ఎన్నిసార్లు రాస్తారు అని ఒక్కొక్కటే అడిగింది. దాలయ్య చెప్పాడు. గ్రైండరు ఎవరిది, ఏ బిళ్ళ వాడారు, ఎంత లోతు తీశారు అని అడిగింది. ఆ ఆఖరి ప్రశ్నకు అతను తొందరపడలేదు. కళ్ళు మూసుకుని చేతులు గ్రైండరు పట్టుకున్నట్టు పెట్టి, ముందరి సగం లోతుగా తీశానని, వెనక సగం మీద చెయ్యి ఎక్కువసేపు నిలపలేదని చెప్పాడు.

ఇనుము మీద అక్షరం గుచ్చినప్పుడు ఆ దెబ్బ కనిపించే గుంటకన్నా లోపలికి దిగుతుందని, పైన గీకేసినా మందు రాస్తే ఒక్కోసారి బయటికి వస్తుందని ఆమె వివరించింది. మరీ లోతుగా తీసేస్తే ఇక రాదు. తర్వాత కుర్చీలో ముందుకు వంగింది.

"నంబరు తియ్యడం నేరం. తెలియక చేశానని మీరన్నా, ఈ మాట నేను స్టేషనుకు పంపాలి. కేసు పెడతారు. ఇంటికెళ్ళి మళ్ళీ ఆలోచించుకుని రండి."

"ఆలోసించుకునే వొచ్చినానమ్మా."

"మీ బావ తప్పు రాసిచ్చాడు."

"నా కోసరం రాసినాడమ్మా. అది కూడా రాసుకోండి."

ఆమె రాసుకుంది. దాలయ్య సంతకం పెట్టాడు. తెలుగులో అతను రాయగలిగేది సంతకం ఒకటే. అది కూడా గీసినట్టే పెట్టాడు.

స్టేషనువాళ్ళు పోతురాజును పిలిపించి, తప్పు కాగితం ఇచ్చినందుకు నానా మాటలూ అని, కొత్తది రాయించుకున్నారు. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర దాలయ్య ఉన్నాడు. ఇన్ని రోజుల తర్వాత పోతురాజు నోరు విప్పింది అక్కడే.

"నిన్నెవుడు ఎల్లమన్నాడు? కడుపులో పెట్టుకుని దాసినాను. నువ్వు పోయి నీ నోటితోటే సెప్పీసినావు. ఇప్పుడు నీ మీద కేసు, నా మొకం మీద ఉమ్ము."

"అది దొంగబండి కాదని తేలాల బావ. తేలాలంటే గీకినోడు ఒకడు ఉండాల."

"ఉండి ఏటి సేస్తావు, జైల్లో రంగులేస్తావా?"

దారిన పోయే వాళ్ళు ఆగి చూస్తున్నారు. ఇద్దరూ ఒకే బస్సులో ఊరికి వచ్చారు. ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు.

విశాఖ నుంచి ఇద్దరు వచ్చి పరీక్ష చేసిన రోజున దాలయ్యను కూడా రమ్మన్నారు. ఎక్కడ ఎంత తీశాడో చూపించమన్నారు. వాళ్ళు ఆ ఇనుమును అద్దంలా రుద్ది, దూదితో మందు అద్దుతూ కూర్చున్నారు. ఎంతోసేపు ఏమీ లేదు. పోతురాజు అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత వెనక చివర మసకగా ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకొకటి. కలక నీళ్ళలో చేప కదిలినట్టు అక్షరాలు కనిపించీ కనిపించక తేలాయి. ఒకతను గబగబా ఫోటోలు తీశాడు. వెనక సగం వచ్చింది. ముందరి సగం మీద ఎంత అద్దినా రాలేదు.

దాలయ్య పూర్తిగా చేసిన చోట ఏమీ మిగల్లేదు. అన్నానికి లేచి సగంలో వదిలేసిన చోటే నంబరు మిగిలింది. ఆ అరకొర పనే బావను కాపాడుతుందో ఏమో. ఇన్నేళ్ళ పనిలో అతనికి అలాంటిది ఎప్పుడూ ఎదురు కాలేదు.

సగం నంబరు చాలదు. ఇంజను నంబరు సి-బుక్కుతో కలిసింది. బండి అమ్మినతను ఒడిశాలో ఎక్కడో పనికి వెళ్ళిపోయాడు. అతన్ని వెతికి పట్టుకుని, వచ్చి తాను అమ్మానని చెప్పించడానికి చిన్నతల్లి రెండుసార్లు బరంపురం వెళ్ళింది. అదే నంబరు మళ్ళీ గుచ్చడానికి అనుమతి వచ్చేసరికి కవళ్ళ రోజులు దాటిపోయాయి. ఆటో కంపెనీ వర్క్‌షాపులో ఒకతను ఉక్కు అచ్చులు వరసగా పెట్టి సుత్తితో కొట్టాడు. ఎఫ్.సి. ఇచ్చారు. ఈలోపు ఇన్సూరెన్సు గడువు కూడా తీరింది. కొత్తది కట్టబోతే, మధ్యలో ఖాళీ పడిందని మనిషిని పంపి, ఫోటోలు తీయించి, అప్పుడు ఇచ్చారు. బండి ఒడ్డుకు చేరింది. గార ఆటోవాడు పట్టుకున్న బేరాల్లో సగమే తిరిగి వచ్చాయి.

కేసు మాత్రం దాలయ్య మీద నిలిచింది. అనూరాధ భయపడినంతగా పడవలవాళ్ళు పని మానలేదు. కానీ అతను నంబరు గీకే ముందు ప్రతి ఒక్కరినీ పిలిచి నిలబెట్టి, తియ్యనా అని అడగడం మొదలుపెట్టాడు. వాళ్ళు నవ్వుతారు. అతను నవ్వడు, జవాబు వచ్చేదాకా చెయ్యి కదపడు.

మొదటి వాయిదా రోజు పొద్దున్న, పోతురాజు ట్రేలెక్కించి తాడు కడుతుంటే దాలయ్య వచ్చి డ్రైవరు పక్కన ఎక్కబోయాడు. పోతురాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్సులో రా బావ."

"కోర్టు మీంచే కదా ఎల్తావు."

"ఇది లగేజీ బండి. ఇన్సూరెన్సు బండికున్నాది, నాకున్నాది. నీకు నేదు. దారిలో ఏటైనా అయితే నిన్నెవుడు సూస్తాడు?"

"ఇన్నాళ్ళూ ఎక్కనేదేటి?"

"ఎక్కినావు. ఇంక ఎక్కకు."

దాలయ్య వెళ్ళి బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు గార దాటాక రోడ్డు పక్కన ఆటో ఆగి ఉంది. తనిఖీ జరుగుతోంది. పోతురాజు ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడ్డాడు. ఒక కానిస్టేబులు వంగి సీటు వెనకాల చూస్తున్నాడు. మళ్ళీ గుచ్చిన నంబరు పాతదానిలా ఉండదు, చూసిన ప్రతివాడూ ఆగి ఇంకోసారి చూస్తాడు. ట్రేల కింద నుంచి ఐసునీళ్ళు కారుతున్నాయి. దాలయ్య కిటికీలోంచి మెడ తిప్పి, మలుపు వచ్చేదాకా చూశాడు. బస్సు ఆగలేదు.

కోర్టు వసారాలో కూర్చున్నా అతని మనసు గార రోడ్డు మీదే ఉంది. అతని పేరు మధ్యాహ్నం పిలిచారు. లోపలికి వెళ్ళి నిలబడితే, ఏదో అన్నారు, మళ్ళీ తారీఖు ఇచ్చారు. బయటికి వస్తే గేటు అవతల పోతురాజు ఉన్నాడు. చొక్కాకు చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"వొదిలేసినారా?" అని అడిగాడు దాలయ్య.

"వొదిలేసినారు. ఐసు కరిగిపోనాది, అంతే. నీదేటైంది?"

"మళ్ళీ రమ్మన్నారు."

పోతురాజు తల ఊపాడు. ఇద్దరూ బస్సులు ఆగే చోటికి నడిచారు. కళింగపట్నం బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఖాళీ ఆటో పక్కనే ఉంది. అందులో వెళ్దామని దాలయ్య అడగలేదు, పోతురాజూ ఎక్కమనలేదు. బస్సు వచ్చి, అతను ఎక్కి కూర్చున్నాకే పోతురాజు బండి తీశాడు.